పొడుగుదా, పొట్టిదా

పైన ఎక్కడో ఇంజను మోత. పొట్టిదే అది, అనుమానం అక్కర్లేదు, పొట్టిదాని గొంతు కాస్త కీచుగా ఉంటుంది, పొద్దున హార్వీ కొట్టు ముందు, నడిపి చూడమని ఇచ్చిన రెండు మంచుబండ్లనీ పక్కపక్కన నిలబెట్టి తిప్పినప్పుడే వాల్టర్ పెరెపోల్కిన్ ఆ తేడా పట్టేశాడు. ముప్ఫై ఏళ్లు కలప మిల్లులో రంపాలకు పదును పెట్టినవాడు, చెవులు సగం పోయాయి గానీ మిగిలిన సగం చాలు, మోత విని యంత్రం జబ్బు చెప్పేస్తాడు. పొట్టిదాని మీద ఉన్నది కలీనా, కూతురు. పొడుగుదాని మీద ఉండాల్సినవాడు తను, తీరా చూస్తే పొడుగుదే తన మీద ఉంది. నవ్వొచ్చింది, నవ్వితే పక్కటెముకలు పట్టేశాయి, ఆపేశాడు. ఫర్ చెట్టు కింది కొమ్మలు గొడుగు పట్టి మంచును చెట్టు మొదలు దగ్గర పడనివ్వవు, అందుకే మాను చుట్టూ గొయ్యి ఉంటుంది, పైనుంచి చూస్తే మాత్రం అంతా మెత్తగా, నిండుగా, రమ్మన్నట్టే ఉంటుంది. ఆ గొయ్యిలోకి ముందు తను, వెనకే బండి. ఇప్పుడు తను వెల్లకిలా, తల మానుకి ఆనుకుని, బండి తలకిందులై ఎడమ మోకాలి మీద, చంకల దాకా మంచు, రెండు చేతులూ ఆ మంచులోపలే ఎక్కడో. కొమ్మల సందులోంచి ఆకాశం పలకంత కనిపిస్తోంది. ఆ పక్కనే, ఇంకాస్త వెడల్పు సందులోంచి, తను దిగి వచ్చిన వాలు, దాని మీద తన బండి అచ్చు, గీత గీసినట్టు పైనుంచి కిందికి.

వీపు మీద సంచీ ఉంది, సంచీలో పార ఉంది, ఆ సంచీ మీదే తను పడుకుని ఉన్నాడు. పార వీపు మీద, రేడియో గుండె మీద, మంచులో పూడినవాడి జాడ చెప్పే బీకన్ చొక్కాకి ఆనుకుని, ఈల మెళ్లో, ఏదీ బండికి కట్టొద్దు, బండి మనల్ని వదిలేసి పోతుంది, ఒంటి మీద ఉన్నదే మనది. ఎంతమందికి చెప్పాడు ఆ మాట. మంచుబండ్ల క్లబ్బులో ప్రతి నవంబరులో కొత్తవాళ్లని వరసగా నిలబెట్టి, వేలు చూపించి మరీ చెప్పాడు. మరి ఈరోజు గుండె మీద జేబులో ఏముందయ్యా పెద్దమనిషీ అంటే, పిరహీలు, బంగాళదుంప కూరి కాల్చిన చిన్న రొట్టెలు. పాలీన్ తెల్లవారుజామునే కాల్చి, బట్టలో చుట్టి, చల్లారిపోతే రాళ్లవుతాయి ఒంటికి ఆనించి పెట్టుకో అంది. పెళ్లాం చేతి పిరహీలకి చోటు కావాలి కదా, రేడియో తీసి హ్యాండిల్ కి ఉన్న చిన్న సంచీలో పడేశాడు, ఉపగ్రహానికి కబురు పంపే డబ్బీ కూడా అందులోనే. అప్పుడు తను నడుపుతున్నది పొట్టిది. మధ్యాహ్నం గుడిసె దగ్గర టీ తాగి, ఇప్పుడు మార్చుకుందాం నాన్నా, నువ్వు పొడుగుది చూడు నేను పొట్టిది చూస్తాను అంది కలీనా, ఇద్దరూ లేచి బండ్లు మార్చుకున్నారు, సంచీలు మార్చుకోలేదు. అంతే జరిగింది. ఇప్పుడు ఆ పిల్ల దగ్గర రెండు రేడియోలు, తన దగ్గర నాలుగు పిరహీలు. అవి ఇంకా కొంచెం వెచ్చగానే ఉన్నాయి, అదే ఎక్కువ బాధగా ఉంది.

జానెడు. అంతా కలిపి జానెడు తేడా. కింద తిరిగే రబ్బరు బెల్టు పొడుగుదానికి పదమూడు అడుగుల పైచిలుకు, పొట్టిదానికి ఆ పైచిలుకు లేదు, ఇంకొంచెం తక్కువ కూడా, ఆ జానెడు కోసం ఇంట్లో మూడు వారాలుగా యుద్ధం. వచ్చే శీతాకాలానికి కావలసిన బండి ఏదో ఈ మార్చిలోనే చెప్పేయాలి, ఆఖరు గడువు ఈరోజు సాయంత్రం ఐదు, హార్వీ ముక్కుకి కళ్లజోడు జార్చుకుని కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఇంటికి ఒక్కటే కొత్త బండి, పాతది ఆఖరి ఊపిరి మీద ఉంది. లోతు మంచులో తేలాలంటే పొడుగు బెల్టే కావాలి, పిండిలాంటి మంచు నడుం దాకా పడ్డప్పుడు పొట్టిది ముక్కు పైకెత్తి తోక పాతుకుని అక్కడే సమాధి తవ్వుకుంటుంది, పొడుగుది పడవలా పోతుంది, ఇది తన మాట. చెట్లలో తిప్పాలంటే పొట్టిదే, పక్కకి వాల్చితే వాలుతుంది, లే అంటే లేస్తుంది, నీ పొడుగుది చెట్ల మధ్య మలుపు తిరగాలంటే ముందుగా ఉత్తరం రాసుకోవాలి, ఇది కలీనా మాట. తా దూర సందు లేదు మెడకో డోలు అని ఎగతాళి కూడా. పొట్టిది ఆడుకోవడానికి, పొడుగుది బతకడానికి అన్నాడు తను నిన్న రాత్రి బోర్ష్ సూపు గిన్నె ముందు. పాలీన్ చెంచా కిందపెట్టి, మీ ఇద్దరికీ గాడిద కొనిస్తే సరి అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఒప్పుకుంటాడు, మిల్లులో కూడా అందరూ అదే అనేవాళ్లు. కానీ కుందేలు సంగతేమో గానీ, తనకి ఇప్పుడు ఒక కాలి సంగతి అసలు తెలియట్లేదు. బొటనవేలు కదుపుదామని చూశాడు. కదిలిందో, కదిలిందనుకున్నాడో.

ఆ గీత, ఆ వెధవ గీత. తను దిగింది తన బుద్ధితో కాదు. పైన గట్టు మీద ఆగినప్పుడు, కలీనా ఆగు ఇక్కడే, ఒక్కొక్కళ్లమే దిగాలి, కిందికి పోయి చెయ్యి ఊపుతాను అప్పుడు రా అని చెప్పి, కిందికి చూస్తే వాలు మీద ఎవరిదో పాత అచ్చు కనిపించింది, రెండ్రోజుల మంచు కప్పేసినా గాడి తెలుస్తోంది. ఎవరో దిగారు, దిగినవాడు బయటికి వచ్చే ఉంటాడు కదా, లేకపోతే ఊళ్లో తెలిసేది కదా. ఈ లోయలో బండి తోలే ప్రతివాడూ ఏదో ఒకరోజు చేసే తప్పు అది, దిగిన అచ్చు కనిపిస్తుంది, ఎక్కిన అచ్చు ఉందో లేదో చూడరు. యాభై ఎనిమిదేళ్లొచ్చి తనూ అదే చేశాడు. సగం వాలు దిగాక కింద ఏదో కూలబడినట్టు వుంఫ్ మని ఒక శబ్దం వచ్చింది, చెవిలోకి కాదు, కడుపులోకి వచ్చింది. మంచు లోపల ఒక పొర కుంగిందన్నమాట. ఆగకూడదు, ఆగలేదు, వెనక్కి చూడలేదు. కిందికొచ్చాక తెలిసింది, ముందు వాగు, అటు కొండ గోడ, ఆ అచ్చు వాగు ఒడ్డున ఆగిపోయింది, ఆ మహానుభావుడిని ఎవరు ఎలా లాగారో దేవుడికే తెలియాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి. చెట్లలోంచి పక్కగా పోదామని తిప్పాడు, పొడుగుది తిరగలేదు. తిరిగింది, తిరగాల్సినంత తిరగలేదు. బండి ముందున్న స్కీ ఒక మొక్కకి తగిలింది, అంతే. కలీనా ఉంటే ఏమనేదో, ఉత్తరం రాయలేదా నాన్నా అనేది.

మోత ఆగింది.

ఆగింది. వాల్టర్ ఊపిరి బిగబట్టాడు. వెతికేవాళ్లు పది నిమిషాలకోసారి ఇంజను ఆపేసి, హెల్మెట్ తీసి వినాలి, మోత మధ్యలో ఎవడి కేకా వినపడదు, ఈ మాట కూడా తనే నేర్పాడు. ఇప్పుడు ఆ పిల్ల గట్టు మీద నిలబడి వింటోంది. ఇప్పుడే. కలీనా అని అరిచాడు, అరుపు నోట్లోంచి వెళ్లి ఎదురుగా ఉన్న మంచులోకి ఇంకిపోయింది, దుప్పట్లో తల పెట్టి అరిచినట్టుంది. ఇంకోసారి అరిచాడు, పక్కటెముకలు పొడిచాయి. ఈల చొక్కా మీదే ఉంది, గడ్డానికి రెండంగుళాల కింద, నారింజ రంగు ఈల, చెయ్యి ఉంటే కదా. కుడి భుజం తిప్పాడు, మోచెయ్యి తిప్పాడు, వేళ్లతో మంచును పక్కకి తోశాడు, కొద్దికొద్దిగా, సంచీలో ఎలుక పనిచేసినట్టు. ఉండు, ఇంకొక్క నిమిషం ఉండు తల్లీ. మళ్లీ మోత మొదలైంది. గట్టు వెంబడి అటు పోయింది. చెయ్యి బయటికి వచ్చింది సరిగ్గా అప్పుడే, చేతి తొడుగు లోపలే ఉండిపోయింది, వేళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతులు కాలాక ఆకులంటే ఇదే.

పర్వాలేదు, మళ్లీ ఆపుతుంది, పది నిమిషాలు. ఈల నోట్లో పెట్టుకుని ఉంచుకుంటే చాలు. పెదాలకి ప్లాస్టిక్ చల్లగా తగిలింది. రాగానే ఊదాలి, మూడుసార్లు, ఆగి మూడుసార్లు. వింటుంది, పిల్ల చెవులు మంచివి, ఇరవై మూడేళ్లు, మిల్లు మోతలో పాడవని చెవులు. వింటుంది. విని ఏం చేస్తుంది? వస్తుంది. ఎటునుంచి వస్తుంది? వాల్టర్ కళ్లు కొమ్మల సందులోంచి వాలు మీదికి వెళ్లాయి. గీత. గట్టు మీదినుంచి ఈ చెట్ల దాకా తను గీసిన ఒకే ఒక్క గీత. వాలు మీదికి అప్పుడే ఎండ వస్తోంది, రెండు దాటి ఉంటుంది, పైన గట్టు అంచున గాలి పేర్చిన మంచు దిబ్బ మెరుస్తోంది. ఆ మెరుపు కింద సన్నగా, నీలంగా, అడ్డంగా ఒక గీత. అది తను గీసింది కాదు. అది పగులు.

నా అచ్చులోనే రా. కలీనాకి ఏడేళ్లప్పుడు చిన్న బండి, పసుపు రంగుది, దాని మీద కూర్చుంటే కాళ్లు అందేవి కాదు, నా అచ్చులోనే రావాలి, కుడికీ వద్దు ఎడమకీ వద్దు, నా స్కీ ఎక్కడ పడిందో నీ స్కీ అక్కడే, అర్థమైందా, చెప్పు, ఏం చెప్పాను? నీ అచ్చులోనే నాన్నా. పదహారేళ్లు అదే మాట, ఏ లోయలో దిగినా, ఏ గట్టు ఎక్కినా. పిల్లకి పదహారో ఏట ఒకరోజు అచ్చు వదిలేసి చెట్లలోకి దూరింది, నవ్వుకుంటూ అటునుంచి తేలింది, ఆ శీతాకాలమంతా తాళాలు లాక్కున్నాడు. ఏప్రిల్ దాకా మాట్లాడలేదు పిల్ల. పాలీన్ అడిగింది, చెట్లలోకి వెళ్లింది బాగానే వచ్చింది కదా, నువ్వు దేనికి కోపంగా ఉన్నావ్ అని. భద్రత అన్నాడు. భద్రతా? నీ మాట పడిపోయింది, అదీ నీ ఏడుపు, అంది పాలీన్. ఆ మాటకి అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు కూడా వస్తోంది, ఎందుకంటే నిజం.

నిక్ చెర్నోఫ్ గుర్తొచ్చాడు, రాకూడదనుకున్నా వచ్చాడు. నిక్ తమ్ముడు ఇలాంటి వాలు మీదే బండి ఇరికించుకుని పార తీసి తవ్వుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు, పైకి చూసి చెయ్యి కూడా ఊపాడు. నిక్ ఊరుకోలేక సాయానికి దిగాడు. రెండో బండి బరువుకి వాలు మీది మంచు మొత్తం విరిగి ఇద్దరి మీదా పడింది. ఒకడే దిగి ఉంటే ఇద్దరూ బతికేవాళ్లు, ఇద్దరిలో సాయం అక్కర్లేనివాడి దగ్గరికి సాయం వెళ్లింది. తవ్విన పదకొండు మందిలో తనొకడు. నిక్ చేతిలో పార ఇంకా ఉంది. ఆ తర్వాత అంత్యక్రియలకి ప్రార్థన మందిరంలో బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్ల కూజా, ముసలివాళ్లు కీర్తన ఎత్తుకుంటే పక్కన పాలీన్ గొంతు కలిపింది, తను కలపలేకపోయాడు, నిక్ తల్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

మళ్లీ మోత ఆగింది.

రెండోసారి. నిశ్శబ్దం ఎంత పెద్దదంటే పైన కొమ్మ మీదినుంచి మంచు జారడం వినపడింది. ఈల పళ్ల మధ్యే ఉంది. ఊదు. ఊదితే వస్తుంది. ఊదకపోతే పోతావు, ఇవాళ కాకపోతే ఈ రాత్రికి, నిద్రపట్టినట్టే పోతావు, నొప్పి కూడా ఉండదంటారు. ఊదితే ఆ గీత వెంబడి వస్తుంది, నీ అచ్చులోనే నాన్నా. సగం దూరం కూడా రాదు, ఆ పగులు దగ్గరే వాలంతా కూలుతుంది. డబ్బీ మీద బటన్ నొక్కి అక్కడే కూర్చుంటే చాలు కదా, హెలికాప్టరు వాళ్లు వస్తారు, అదీ నేర్పాడు, నేర్పినవన్నీ వింటే బాగుండు, నేర్పినదొక్కటి వినకపోతే ఇంకా బాగుండు. ఏది వింటుందో ఏది వినదో తండ్రికి తెలియాలి కదా. తెలియదు. ఇరవై మూడేళ్లుగా ఒకే కప్పు కింద ఉంటోంది, ఆపదలో ఏం చేస్తుందో తెలియదు. మింగలేక కక్కలేక ఊపిరంతా ఛాతీలో పెట్టుకుని ఉండిపోయాడు. పైన మోత మొదలైంది. ఊపిరి ఈలలోంచి చప్పుడు లేకుండా బయటికి పోయింది. తను చేసింది మంచిపనా పిచ్చిపనా అని అడగడానికి కూడా ఎవరూ లేరు.

చలి మోకాలి దగ్గర మొదలై నడుముకి వచ్చింది. నిద్రపోకూడదు, ఏదో ఒకటి ఆలోచించాలి, బండి గురించి ఆలోచించు. పొడుగుదా పొట్టిదా. ఇదే వాలు పైకి ఎక్కాలంటే, ఇంత మంచులో, పొడుగుదే, పొట్టిది నాలుగో వంతు కూడా ఎక్కదు, అది లెక్క, దానిలో వాదన లేదు. ఇదే చెట్లలో తప్పించుకోవాలంటే పొట్టిదే, తను ఈ పూట పొట్టిదాని మీద ఉంటే ఆ మొక్కని తప్పించేవాడు, ఈ గొయ్యిలో ఉండేవాడు కాదు, వాగు ఒడ్డున కూర్చుని పిరహీలు తింటూ ఉండేవాడు. కానీ పొట్టిదాని మీద ఉంటే ఇంత దూరం దిగేవాడు కాదు, పొడుగుది ఉంది కదా ఎక్కిస్తుందిలే అన్న ధీమాతోనే కదా దిగింది. అయితే తప్పు బండిదా, ధీమాదా? హార్వీ కాగితం మీద ధీమాకి గడి లేదు. కలీనాకి చెట్లు తెలుసు. వేసవిలో నాలుగేళ్లుగా మొక్కలు నాటే పని, రోజుకి రెండువేల మొక్కలు, తిరిగొచ్చినప్పుడు గోళ్లు నల్లగా ఉంటాయి, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో ఎక్కడ నేల గట్టిదో చెట్టుని చూసి చెప్పేస్తుంది. ఒకసారి భోజనాల దగ్గర ఏదో చెప్పబోయింది, చెట్లు ఒత్తుగా ఉన్నచోట కింద మంచు వేరేగా కూర్చుంటుంది నాన్నా, కొమ్మలు అడ్డుపడతాయి కాబట్టి పొరలు కట్టదు, అందుకే నాకు చెట్లలో భయం ఉండదు, అని. నాకు చెప్తావా నువ్వు అన్నాడు తను. పిల్ల చెప్పింది నిజమే కదా. తను ఆ మాట అన్నప్పుడు దాని చేతిలో చెంచా ఉంది, ఆ చెంచాని అలాగే పట్టుకుని కాసేపు గిన్నెలోకి చూసింది. ఆ తర్వాత భోజనాల దగ్గర బండి గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు, బండి గురించైతే పోట్లాడొచ్చు కాబట్టి.

మూడోసారి ఆగింది. ఈసారి దగ్గరగా, సరిగ్గా తన గీత మొదలయ్యే చోటు పైన. "నాన్నా!" అని వినపడింది. చిన్నగా, గాలి ముక్కలు చేసి ఇచ్చినట్టు, కానీ వినపడింది. "నాన్నా! ఊదు!"

వాల్టర్ ఈలని పళ్లతో కొరికాడు. ప్లాస్టిక్ మీద పళ్లు దిగాయి. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి, వెచ్చగా, తర్వాత చల్లగా. వద్దు తల్లీ, వెళ్లిపో, హార్వీ దగ్గరికి వెళ్లు, అమ్మ దగ్గరికి వెళ్లు, ఏది కావాలంటే అది కొనుక్కో, పొట్టిదే కొనుక్కో. బతకాలని ఉంది. చాలా ఉంది, ఇంత ఉంటుందని అనుకోలేదు, పాలీన్ గొంతు వినాలని ఉంది, మోకాలు నొప్పి పుట్టినా బాగుండు. "నాన్నా!" ఇంకొకసారి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మోత. మోత అటు తిరిగింది, గట్టు వెనక్కి పోయింది, సన్నబడింది, సన్నబడి పోయింది. ఈల నోట్లోంచి జారి మెడ పక్కన పడింది. వెళ్లిపోయింది, బతికింది, అనుకున్నాడు. అనుకుని, వెళ్లిపోయిందా అనుకున్నాడు. రెండూ ఒకటే మాట, రెండోది మాత్రం గుండెని పట్టుకుని వదల్లేదు. భయం వేసింది. పెద్దవాడయ్యాక ఇంత భయం ఇదే మొదటిసారి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వేళ్లతో మంచుని పట్టుకున్నాడు.

ఎంతసేపో. ఎండ వాలు సగానికి వచ్చింది. నిద్ర నిజంగానే వస్తోంది, మిల్లులో రాత్రి డ్యూటీ తర్వాత వచ్చే నిద్రలా మర్యాదగా వస్తోంది. ఆ నిద్రలోకి కీచుమని ఏదో దూరింది. కల అనుకున్నాడు. కల అయితే గట్టు మీదినుంచి రావాలి, ఇది వాగు కింది వైపునుంచి వస్తోంది, అడవి ఒత్తుగా ఉన్న వైపు, బండి కాదు కదా దుప్పి కూడా ఆలోచించుకుని దూరే వైపు. చెవి రిక్కించాడు. ఒక్క గుక్క మోత, ఆగింది. ఇంకో గుక్క. కొమ్మ విరిగిన చప్పుడు. చిన్న గుక్క, చిన్న గుక్క, పెద్ద గుక్క. రంపం ముడి తగిలిన చోట ఎలా ఆగి, పక్కకి వాలి, మళ్లీ పట్టుకుంటుందో అలా. బండిని పక్క అంచు మీద నిలబెట్టి, ఒక్క చెట్టు దాటి, ఆగి, ముందున్న సందు చూసుకుని, ఇంకో చెట్టు దాటి. తొందరలేదు ఆ చేతిలో. భయం ఉందేమో గానీ తొందరలేదు. ఇలా నడపడం ఎవరు నేర్పారు? తను కాదు. ఎవరూ నేర్పలేదు.

మానుల మధ్యనుంచి పొట్టిది కనిపించింది, ఒక స్కీ గాల్లో, ఒక స్కీ మంచులో, దాని పక్కన ఒంటికాలి మీద వేలాడుతూ కలీనా. పది అడుగుల దూరంలో ఆపి, గుండె మీది బీకన్ వైపు చూసుకుంటూ నడుం లోతు మంచులో ఈదుకుంటూ వచ్చింది. కొమ్మలు పక్కకి తప్పించి లోపలికి చూసింది. ముఖం మీద గీతలు, కనుబొమ్మ దగ్గర రక్తం.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏ కాలు?"

"ఎడమది. మోకాలు. తెలియట్లేదు దాని సంగతి."

ఇంకో మాట లేకుండా పార తీసి తవ్వడం మొదలుపెట్టింది, ముందు ఛాతీ దగ్గర, తర్వాత నడుము, నేర్పినట్టే. మంచు పక్కకి పడుతుంటే ఊపిరి సులువుగా ఆడింది. దాని చెయ్యి ఈల తాడుకి తగిలింది. ఆగి, తాడు పట్టుకుని ఈల పైకి తీసింది. దాని మీద పళ్ల గాట్లు చూసింది.

"ఇది పనిచెయ్యట్లేదా?"

వాల్టర్ కళ్లు వాలు వైపు తిప్పుకున్నాడు.

"మూడుసార్లు ఆపాను నాన్నా. హెల్మెట్ తీసేశాను, టోపీ తీసేశాను. ఈల పోయిందేమో అనుకున్నా. తర్వాత చేతులు విరిగాయేమో అనుకున్నా. తర్వాత... తర్వాత ఏమనుకున్నానో చెప్పనా?"

"ఊదితే ఆ వాలు మీదుగా దిగుతావని." అన్నాడు వాల్టర్. "నా అచ్చులో."

కలీనా పార మంచులో గుచ్చి నిలబడింది. "ఆ వాలు మీదుగానా? నాకు కళ్లు లేవా? నువ్వు దిగుతుంటే ఆ పగులు గట్టు దాకా పాకి నా స్కీ ముందుకొచ్చి ఆగింది. దిగేటప్పుడు ఒక్కసారి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే నీకూ కనిపించేది. అక్కడే డబ్బీ బటన్ నొక్కాను. జవాబొచ్చింది, బయల్దేరుతున్నారు. కానీ నీ అచ్చు చెట్లలోకి దూరాక పైనుంచి కనిపించలేదు, నువ్వు ఎక్కడున్నావో తెలియదు. ఈల ఊది ఉంటే నలభై నిమిషాల ముందే వచ్చేదాన్ని. ఆ వాగు పక్క అడవంతా చెట్టు చెట్టుకీ వెతుక్కుంటూ వచ్చాను, తెలుసా?"

"మరి పైకి ఎలా? ఇది ఎక్కదు కదా, ఈ లోతులో—"

"ఎక్కదు. ఎక్కదని తెలిసే దిగాను. చెట్ల మధ్య రావడానికి పనికొచ్చింది, చాలు."

ఆ మాట వాల్టర్ తలకి వెంటనే ఎక్కలేదు. ఎక్కదని తెలిసే. "హార్వీకి చెబుదాం," అన్నాడు, ఏదో ఒకటి ఇవ్వాలనిపించి, చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి. "ఐదులోపల కబురు పంపు. పొట్టిదే తీసుకుందాం. నీకు నచ్చిందే—"

"బండి మాట ఎత్తకు." పార మళ్లీ మంచులో పడింది, గట్టిగా. "ఇప్పుడు బండి మాట ఎత్తావంటే ఈ మంచు మళ్లీ నీ మీదే పోస్తాను. నువ్వు ఇక్కడే చచ్చిపోదామనుకున్నావు. నన్నొక్క మాట అడక్కుండా. నేను పైన నిలబడి అరుస్తుంటే, విని, నోట్లో ఈల పెట్టుకుని, ఊరుకున్నావు. అది నా మంచికేనా? ఇంటికెళ్లి అమ్మకి ఏమని చెప్పుకునేదాన్ని?" ముక్కు తుడుచుకుని తవ్వింది. సరైనదే చేశాననుకున్నాడు ఇంతసేపూ, పోతే పోయాను గానీ మంచి తండ్రిగా పోతున్నాననుకున్నాడు. అదంతా పారతో తీసి పక్కకి పోసేస్తోంది పిల్ల.

"భయమేసింది కలీనా," అన్నాడు.

పార ఆగింది. తండ్రి ముఖంలోకి చూసింది, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. "నాకూ వేసింది," అంది. తర్వాత వంగి బండి కింద భుజం పెట్టింది, బండి మళ్లీ కాలి మీద పడకుండా కింద ఒక కొమ్మ తోసింది, మోకాలి మడతలో చెయ్యి దూర్చింది. దాని ఊపిరి వాల్టర్ చెంప మీద పడింది.

"లాగుతున్నాను. చాలా నొప్పి పుడుతుంది."

"పర్లేదు. లాగు. నేను ఓర్చుకుంటాను."

"ఓర్చుకోకు," అంది కలీనా. "అరువు నాన్నా. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు. వినడానికేగా వచ్చాను."

లాగింది. వాల్టర్ అరిచాడు.